నాలుగు గోడల సాక్ష్యం

పోయిన వారం మొగులమ్మను సంగారెడ్డి డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూం గడప మీద నిలబెట్టి వదిలేసినం. వారం నుంచి ఆ పెద్దమనిషి అట్లనే నిలబడి ఉన్నదేమోనని పరేషాన్ కాకండి, మన కథల ఇంకా అదే శుక్రవారం పొద్దు. ఈ వారమే చదువుడు మొదలుపెట్టినోళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

గ్లోరియా ఆ కాలేజీల సోషియాలజీ చెప్తది. జిన్నారం, గుమ్మడిదల దిక్కు మందుల కంపెనీల చుట్టున్న ఊర్లల్ల ఆడవాళ్లు ఫోన్లల్ల ఏం మాట్లాడుకుంటరు, ఎవరికి ఏం చెప్పుకుంటరు, ఏం దాచుకుంటరు అని మూడేండ్ల సంది పరిశోధన చేస్తున్నది. ఆమెను నమ్మి నోరు విప్పినోళ్లల్ల మొగులమ్మ ఒకతె, ఒక కంపెనీల రసాయనాల ట్యాంకులు కడిగే కాంట్రాక్టు కూలి. "నీ పేరు ఎక్కడా బయటికి రాదు పెద్దమ్మా" అని గ్లోరియా మాటిచ్చింది. ఆ మొగులమ్మే పొద్దుగాల కాలేజీకి వచ్చి, పని పోయిందని చెప్పి, "నువ్వు చెప్తెనే కంపెనీకి తెలిసింది మేడం" అన్నది. అప్పటిదాక బిడ్డా అని పిలిచిన నోటితోనే మేడం అన్నది. అక్కడ ఆపినం.

గ్లోరియాకు ముందుగాల వచ్చింది బాధ కాదు, కోపం. అది కూడ మొగులమ్మ మీదనే. ఇంత జాగ్రత్తపడ్డ నన్ను పట్టుకొని ఇంత మాటంటదా అని. జాగ్రత్త అంటే మామూలు జాగ్రత్త కాదు మరి. మాటలు రికార్డు చేసిన ఫోన్ల సిమ్ము లేదు, నెట్టు లేదు, అది ఇంట్ల బీరువా దాటి బయటికి రాదు. మాట్లాడినోళ్లకు మారుపేర్లు పెట్టింది, అవి కూడ వాళ్లనే పెట్టుకొమ్మన్నది. మొగులమ్మ నవ్వి, నా పేరు చిక్కుడని రాస్కో బిడ్డా, ఎంత తెంపినా మళ్ల కాస్త అన్నది. ఆ వెనుక వచ్చినోళ్లు కూడ అదే దారి పట్టి ఒకామె బీర అయింది, ఒకామె కాకర అయింది. చివరికి గ్లోరియా పరిశోధన మొత్తం కూరగాయల మడి లెక్క తయారైంది.

కుర్చీ జరిపి కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. మొగులమ్మ గ్లాసు చేతుల పట్టుకున్నది గాని తాగలే. రోజూ లెక్కనే గేటు కాడ ఫోన్‌ను సెక్యూరిటీ డబ్బాల ఏసి, కార్డు గీకితే గేటు తెరుచుకోలేదట. మళ్ల గీకితే సెక్యూరిటీ మనిషి మొహం పక్కకు తిప్పుకున్నడట. ఇంతల ఆఫీసుకు రమ్మని పిలుపు వచ్చింది. ఆడ పవన్‌కుమార్ అని ఒక సారు ఉంటడు, మనుషులను పెట్టుడు, తీసుడు ఆయన పని. ఎన్నడూ గొంతు లేపడు. చాయ్ తెచ్చేటాయనను కూడ గారూ అంటడు. కూర్చోండి మొగులమ్మ గారూ అని కుర్చీ చూపించిండట. ఆ కంపెనీల ఇన్నేండ్లు పని చేసి ఆఫీసు కుర్చీల కూర్చున్నది అదే మొదలు, అదే ఆఖరు అన్నది మొగులమ్మ.

పవన్‌కుమార్ కంప్యూటర్ తెర ఆమె దిక్కు తిప్పి, గ్లోరియా ఫేస్‌బుక్‌ల రాసుకున్నది చూపించిండు. తన పరిశోధన వ్యాసం ఇంగ్లీషుల అచ్చయితే, అది మనోళ్లకు కూడ తెల్వాలని గ్లోరియా తెలుగుల క్లుప్తంగ రాసి పెట్టిన పోస్టు అది. అండ్ల చిక్కుడమ్మ అనే కార్మికురాలు చెప్పినట్టుగ ఒక వాక్యం ఉన్నది. "మబ్బు వట్టిందంటె మా సూపర్‌వైజర్ మొహంల పండుగ కనవడ్తది." వాన మొదలు కాంగనే కంపెనీ మురికినీళ్లను వాగులకు ఇడుస్తరు, వాననీళ్లల్ల కలిసిపోతయి, ఇగ ఎవరు పట్టుకుంటరు? ఆ మాటల ఉన్న సంగతి అదీ. దాన్ని ఆమెతోనే ఒకసారి చదివించి, పవన్‌కుమార్ ఇంకోటి తెరిచిండు. అది వీడియో.

"అండ్ల నేనే ఉన్న మేడం. మైకు వట్టుకొని అదే మాట చెప్తున్న."

గ్లోరియాకు సమజ్ కాలే. తను ఎవరి మొహమూ తీయలే, వీడియో యాడికెళ్లి వచ్చింది? మొగులమ్మ తన ఫోన్ తీసి, వెతికి, ఆమె చేతిల పెట్టింది. తెర మీద నల్లగ పొగ కక్కే గొట్టం బొమ్మ, దాని మీద ఎర్రటి బాణం గుర్తు, బాణం మొన కాడ మొగులమ్మ మొహం. పైన పసుపు పచ్చ అక్షరాలల్ల 'కంపెనీకి ఎదురు నిలిచిన సహోదరి మొగులమ్మ అద్భుత సాక్ష్యం' అని. కింద ఛానెల్ పేరు కృపా మందిరం, దాని పక్కన పాస్టర్ కెల్విన్. కెల్విన్ ఎవరో కాదు, గ్లోరియా సొంత తమ్ముడు. నాయన సత్యరాజు మాస్టారు రేకులేసి కట్టిన మందిరానికి స్లాబు పోయించి, ఛానెల్ పెట్టి, నాయన కంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నడు.

సాక్ష్యం అంటే కోర్టు సాక్ష్యం కాదు. దేవుడు నాకు ఈ మేలు చేసిండని మందిరంల లేచి నిలబడి పదిమంది ముందర చెప్పుకునుడు. మొగులమ్మ నొసటి మీద ఇప్పటికీ రూపాయంత బొట్టు ఉంటది, బోనాలకు బోనం ఎత్తుతది. ఆయాసం ముదిరి దవాఖాన్లు తిరిగి యాష్టకొచ్చినంక, పక్కింటామె తోలుకపోతే శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పోవుడు మొదలుపెట్టింది. ఊపిరి జెర తేలికైంది. ఆ సంతోషంతోని ఒక శుక్రవారం లేచి, ఆయాసం తగ్గింది, దాని ఎంబడి భయం కూడ తగ్గింది, గ్లోరియా మేడం అడిగితే, మబ్బు వట్టిందంటె సూపర్‌వైజర్ మొహంల పండుగనే అని కంపెనీ ముచ్చటంతా చెప్పిన, దేవుడే నాకు నోరిచ్చిండు అని చెప్పింది. అందరు స్తోత్రం అన్నరు. ఆడ కూర్చున్న ఆడవాళ్లల్ల ఆమెకు తెల్వని మొహం ఒక్కటి లేదు. స్టాండు మీద ఫోన్ ఉండుడు చూసింది గాని, అది జ్వరమొచ్చి ఇంట్ల పండుకున్నోళ్ల కోసమని అనుకున్నది.

"మందిరంల చెప్పిన మేడం. మనోళ్ల ముంగట. అది కంపెనీ దాక ఎట్ల వోయింది?"

గ్లోరియా లేచి బండి తాళం తీసుకున్నది. బండి మీద ఇంటి కాడ దింపుత అంటే మొగులమ్మ వద్దన్నది. నీళ్ల గ్లాసు అట్లనే బల్ల మీద పెట్టి, బస్సుకు పోయింది.

గ్లోరియాకు మూడో సంవత్సరం పిల్లల క్లాసు ఉన్నది. పోయింది గాని పాఠం చెప్పలే. పుస్తకం మూసి, మీరు రోజూ ఎవరికి ఏం చెప్తరో ఒక్కసారి గుర్తుచేసుకోండి అన్నది. ఇంట్ల అత్తకు చెప్పని సంగతి నల్లా కాడ పక్కింటామెకు చెప్తం. పక్కింటామెకు చెప్పనిది డాక్టరుకు చెప్తం. డాక్టరుకు కూడ నోరు రానిది ప్రార్థనల చెప్తం. అది అబద్ధమాడుడు కాదు, మనుషులు బతికే పద్ధతి. గోప్యత అంటే దాచిపెట్టుడని ఎవడో మనకు తప్పు నేర్పిండు. ఎవరు వినాల్నో మనమే తేల్చుకునుడు గోప్యత. ఫోన్ వచ్చి ఆ తేల్చుకునే పనిని మన చేతులకెళ్లి గుంజుకున్నది, మనం లైకులు లెక్కపెట్టుకుంట కూర్చున్నం. ఇట్ల చెప్పుకుంట పోయి, ఏ కంపెనీ పేరూ ఎత్తకుండనే, బల్ల మీద గట్టిగ చరిచింది. ముందు బెంచీ పిల్లలు నోట్సు రాసుకోవాల్నా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు.

పోయిన ఏడు హైదరాబాద్ సదస్సుల ఒక పెద్ద ప్రొఫెసర్ లేచి, నెట్టుల పెట్టినది అందరిదీ, దాన్ని వాడుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు అన్నడు. బజార్ల నడిచినంత మాత్రాన మనిషి బజారు సొత్తు అయితదా సార్ అని గ్లోరియా అడిగితే హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్లు మండింది. క్లాసు మధ్యలనే ఆపి, బ్యాగు భుజాన ఏసుకొని బండి తీసింది.

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాక లారీల మధ్యన, ఆడికెళ్లి జిన్నారం రోడ్డు మీద ట్యాంకర్ల వెనుక, దారి పొడుగునా తమ్మున్ని తిట్టుకుంటనే ఉన్నది. వీని ముక్కు తుడిచింది నేను, వీనికి ఎక్కాలు నేర్పింది నేను, ఇయ్యాల ఈ సదువు యాడ నేర్చిండు అని. ఫేస్‌బుక్‌ల తను రాసిన వాక్యం సంగతి మధ్యమధ్యల తలల మెదిలింది. మెదిలినప్పుడల్లా దాన్ని పక్కకు నెట్టి బండి ఇంకింత స్పీడు పెంచింది.

మందిరం చేరేసరికి ప్రార్థన అయిపోయింది. ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నరు. వేదిక ముందర స్టాండు మీద కెల్విన్ ఫోన్ ఉన్నది. దాని తెర మీద ఒక గోధుమ చేను బొమ్మ, 'మీ ప్రార్థన అవసరతలు తెలియజేయండి' అని, కింద నంబరు. ప్రార్థన అయినంక కూడ కాసేపు ఆ బొమ్మ ఉంచి, మెల్లగ కీబోర్డు రాగం వేసి ఉంచుడు కెల్విన్ పద్ధతి. మస్కట్ల, దుబాయిల ఉన్న ఊరోళ్లు ఆ కాసేపట్లనే తమ కష్టాలు రాసి పంపుతరు.

అక్క మొహం చూడంగనే కెల్విన్‌కు సంగతి కొంత అర్థమైంది. ఉన్న నలుగురైదుగురు ఆడవాళ్లను సాగనంపి తలుపు దగ్గరికేసిండు. గొడవ బయటికి వినబడితే పరువు పోతదని బాక్సుల సౌండు పూర్తిగ తగ్గించిండు. కీబోర్డు రాగం టక్కున ఆగింది. చేతిల ఉన్న మైకును బల్ల మీద బైబిలు పక్కన పెట్టి, దగ్గరికి రా అక్కా అన్నడు. గ్లోరియా వచ్చి బల్లకు ఇవతల నిలబడ్డది.

"ఏంరా, మొగులమ్మ వీడియో ఎవర్నడిగి పెట్టినవ్?"

ఊరంతా అయ్యగారు అని చేతులు కట్టుకునే మనిషిని ఏంరా అనేది ఆమె ఒక్కతే. కెల్విన్ ముందు నవ్వి, కూర్చొమ్మన్నడు. ఆమె కూర్చోలే. మొగులమ్మనే లేచి మైకు అడిగిందని, ఎవరూ బలవంతం చేయలేదని, మందిరమంతా విన్నదాన్ని లోకం వింటే తప్పేందని చెప్పుకొచ్చిండు. ఆ వీడియో చూసి ఎక్కడెక్కడోళ్లో ఫోన్ చేసి ప్రార్థన చేయించుకున్నరట. ఛానెల్ల అంతమంది చూసింది ఇంకోటి లేదట.

"అది ఆమె నీకు చెప్పింది. దేవునికి చెప్పింది. నీ ముందర కూర్చున్న ఆడోళ్లకు చెప్పింది. పవన్‌కుమార్‌కు చెప్పలేదు రా. ఇయ్యాల ఆమెను పనిల కెళ్లి తీసేసిండ్రు."

కెల్విన్ మొహం పడిపోయింది. ఆ సంగతి వానికి నిజంగనే తెల్వదు. ఎప్పుడు, ఎట్ల అని అడిగిండు, ఆమె ఇంటికి పోయి మాట్లాడుత అన్నడు. ఆడ ఆగితే అయిపోవును. గ్లోరియాకు మాత్రం రోడ్డు మీద తిట్టుకున్న తిట్లన్నీ ఇంకా నోట్లనే ఉన్నయి. నువ్వు పోయి ఏం మాట్లాడుతవ్, స్తోత్రం అంటవా అని ఎత్తిపొడిచింది. పొగ గొట్టం బొమ్మ ఎవడు పెట్టమన్నడు, ఆమె పేరు అంత పెద్దగ ఎవడు రాయమన్నడు అని నిలదీసింది.

"సాక్ష్యం దేవునిదే అనుకుందాం. మరి ఆ ఎర్ర బాణం గుర్తు కూడ దేవుడే పెట్టమన్నడా?"

ఇది తగలాల్సిన కాడ తగిలింది. దేవుని వాక్యం చెప్పే మనిషి ఏమన్నా పడతడు గాని, వ్యూస్ కోసం ఎగబడుతున్నడని అంటే మాత్రం పడడు. కెల్విన్ మెడ నరాలు లేచినయి.

"మరి నువ్వేం చేసినవ్ అక్కా? ఆమె మాటను తీసుకపోయి నీ ఫేస్‌బుక్‌ల ఎందుకు పెట్టినవ్? డాక్టరేట్ వచ్చేది నీకు. పేపర్ల పడేది నీ ఫోటో. ఆమె మొకాన ఒక కూరగాయ పేరు కొట్టినవ్. నువ్వు ఆమెను చిక్కుడుకాయను చేసినవ్. నేను ఆమెను పేరు పెట్టి పిలిచిన. ఆమె చేతికి మైకిచ్చింది నేనొక్కన్నే."

ఆ పోస్టు రాసినప్పుడు, మబ్బు వట్టిందంటె అనే వాక్యం కాడ గ్లోరియా చెయ్యి ఆగింది. ఇది మార్చాలె, ఇంత ముద్రపడ్డ మాట ఆ ఊర్ల ఒక్క మనిషే అంటది అని తెలుసు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆమెనే చెప్తది, పేరు తీసేస్తే చాలదు, మాట తీరును బట్టి కూడ మనిషిని పట్టుకుంటరు అని. తెలిసి కూడ మార్చలే. మారిస్తే చప్పగైతది, చప్పగైతే ఎవరు షేర్ చేస్తరు? పెట్టిన పూటనే ఆ వాక్యం కింద ఎర్రగుండెలు కుప్పలు పడినయి. పవన్‌కుమార్‌కు వీడియో ఒక్కటే దొరికితే ప్రార్థనల ఏదో చెప్పుకున్నది పో అనుకునేటోడేమో. పోస్టు ఒక్కటే దొరికితే ఏ చిక్కుడమ్మనో అనుకునేటోడు. అక్క ఒక సగం ఇస్తే తమ్ముడు ఇంకో సగం ఇచ్చిండు. ఇదంతా ఆమెకు ఆ బల్ల ముందర నిలబడే అర్థమైంది. అర్థమైనంక ఒప్పుకునే గుణముంటే ఆమె గ్లోరియా ఎందుకయితది? కోపం రెండింతలైంది.

బ్యాగుల ఫోన్ మోగింది. తీసి చూస్తే మొగులమ్మ. మళ్ల మేడం అనిపించుకునే ఓపిక లేక, కట్ చేసి పడేసింది.

"పేరు పెట్టి పిలిచిండట. ఆ పేరు మీదనే కద రా గేటు మూసిండ్రు," అన్నది. ఫోన్ మళ్ల మోగింది, మళ్ల కట్ చేసింది.

కెల్విన్ కూడ ఇప్పుడు తగ్గేటట్టు లేడు. సరే, వీడియో తీసేస్త, తీసినంక ఏం జేస్తవ్ అన్నడు. కంపెనీ మీద కేసు వేస్తవా? రేపు వాళ్లు, ఆమె ఆయాసం మనిషి, ఏదో వాగింది, ఈ మేడం సంగారెడ్డిల కూర్చొని దాన్ని పెద్ద చేసి రాసింది అంటరు. ఊర్ల కూడ అట్లనే అనుకుంటున్నరు, నీకు తెల్వదు అన్నడు. ఒక్క ముసలామె మాట తప్ప నీ దగ్గర ఏమున్నది అని అడిగిండు.

"ఒక్కతె కాదు. బీర కూడ చెప్పింది."

కెల్విన్ నవ్విండు. కోపంల వచ్చిన నవ్వే, అయినా నవ్వు నవ్వే. "మంచిగున్నది. రేపు జడ్జి ముందర బీరకాయ సాక్ష్యం చెప్తదా? కాకరకాయ జామీను ఉంటదా?"

ఆ నవ్వు లేకుంటే ఈ కథ ఇంకో తీరుగ నడిచేదేమో. మూడేండ్లు ఎండల ఊరూరు తిరిగింది, కాలేజీల ఎగతాళి పడ్డది, కన్నతల్లి ఏసమ్మ అడిగినా ఒక్క పేరు చెప్పలే. చిన్నప్పుడు ఎత్తుకొని తిప్పిన తమ్ముడు దాన్నంతా కూరగాయల బేరం చేసి నవ్వుతుంటే, గ్లోరియా లోపల ఏదో తెగిపోయింది.

"నవ్వకు రా. నాగేశ్వరి. మొగులమ్మ గల్లీల ఉండే నాగేశ్వరి, కంపెనీల మురికినీళ్ల ప్లాంటుల చేస్తది. మొన్నటి వానకు వాగు దిక్కుకెళ్లి, పైపు ఇడిసేటప్పుడు వీడియో తీసింది. నీళ్లు కనబడ్తయి, మనుషులు కనబడ్తరు. ఆమె ఫోన్ల ఉన్నది. సాలుతదా నీకు?"

కెల్విన్ నవ్వు ఆగిపోయింది. నాగేశ్వరి వానికి బాగ తెలిసిన మనిషే. ఆమె చిన్నబిడ్డకు పేరు పెట్టింది వాడే. పోయి బెంచీ మీద కూలబడ్డడు. గెలిచిన అన్న తృప్తి ఒకటి గ్లోరియా గుండెల కదిలింది. అది ఎక్కువసేపు నిలవలే. చెప్పొద్దనుకున్నది చెప్పేసిన అన్న బెదురు మెల్లగ మొదలైంది. తమ్ముడే కద, తలుపు దగ్గరికేసే ఉన్నది కద, ఈ నాలుగు గోడలు దాటదు అని తనకు తనే సర్దిచెప్పుకున్నది.

కెల్విన్ తల ఎత్తి, తప్పయింది అక్కా అన్నడు. చూసేటోళ్లు పెరుగుతుంటే కండ్లు మూసుకపోయినయి, బాణం గుర్తు పెట్టేటప్పుడు మొగులమ్మను ఒక్క మాట అడగాల్సింది అన్నడు. గ్లోరియా కూడ అప్పుడు బల్లను ఆనుకొని, గొంతు తగ్గించి, నా వాక్యం కూడ నేను మార్చాల్సింది అన్నది. పొద్దటి సంది పట్టుకున్న మాట అది, బయటికి వచ్చినంక ఊపిరి ఆడింది. ఇద్దరు కాసేపు నాయన సత్యరాజు మాస్టారు సంగతి మాట్లాడుకున్నరు. ఎవరన్నా కష్టం చెప్పుకుంటుంటే ఆయన ముందు లేచి మందిరం కిటికీలు మూసేటోడు. ఉక్కపోతలనన్నా కూర్చునేటోడు గాని తెరవనిచ్చేటోడు కాదు.

"నాగేశ్వరి వీడియో ఇంకెవరి దగ్గరన్న ఉన్నదా?" అని అడిగిండు కెల్విన్.

"లేదు. ఎల్లుండి పోయి ఎక్కించుకుంట. అప్పటిదాక ఆమె ఫోనే దిక్కు."

మొగులమ్మ సాక్ష్యం ఇప్పుడే తీసేస్త అని కెల్విన్ స్టాండు దిక్కు లేచిండు. గ్లోరియా ఫోన్ మళ్ల మోగింది, మళ్ల మొగులమ్మనే. ఈసారి ఎత్తింది. క్షమాపణ అడుగుదామనే ఎత్తింది.

పెద్దమ్మా అనబోయి ఆగిపోయింది. అవతల నుంచి మొగులమ్మ గొంతు కంటే ముందు ఇంకో ఆడగొంతు వినబడ్డది. కొంచెం ఆలస్యంగ, కొంచెం దూరంగ, టీవీల నుంచి వస్తున్నట్టు. "ఎల్లుండి పోయి ఎక్కించుకుంట. అప్పటిదాక ఆమె ఫోనే దిక్కు." ఆ గొంతు గ్లోరియాదే.

"బిడ్డా," అన్నది మొగులమ్మ. పొద్దటి సంది ఆ పిలుపు కోసమే కొట్టుకున్నది గ్లోరియా. "ఎన్నిసార్లు జేసిన బిడ్డా, కట్ జేస్తనే ఉంటివి. లైవు బంద్ జెయ్యమను. మీ మాటలన్నీ పక్కింటామె ఫోన్ల బయటికొస్తున్నయి."

కెల్విన్ అప్పటికే స్టాండు కాడ నిలబడి రాయి లెక్క అయిపోయిండు. తెర మీద గోధుమ చేను అట్లనే ఉన్నది, నంబరు అట్లనే ఉన్నది. వాడు తగ్గించింది బాక్సుల సౌండు. బల్ల మీద మైకు నుంచి ఫోన్‌కు పోయే వైరు అట్లనే ఉన్నది. కింద వరుసగా ఆమెన్, ఆమెన్, ఆమెన్ అని పడుతున్నయి, వినకుండనే అలవాటుగ పెట్టేటోళ్లవి. వాటి మధ్యన పేరు లేని ఒక ఖాతా నుంచి ఒకటే ప్రశ్న ఉన్నది, ఏ నాగేశ్వరి, ఏ షిఫ్టు అని. కెల్విన్ ఫోన్‌ను స్టాండు మీదికెళ్లి గుంజి, లైవు బంద్ చేసిండు.

"నాగేశ్వరి యాడున్నది పెద్దమ్మా?"

"రెండో షిఫ్టుకు బస్సెక్కింది బిడ్డా. ఈపాటికి గేటు కాడికి వోయింటది."

గేటు కాడ ఫోన్ డబ్బాల ఏసి కార్డు గీకుతరని పొద్దున్నే విన్నది. గ్లోరియా కాల్ కట్ చేసి నాగేశ్వరి నంబరు వెతికింది. ఆ నంబరును కూడ బీర అనే దాచుకున్నది, ఎవరన్నా చూస్తే తెల్వొద్దని. రింగు పోయింది. ఎత్తు తల్లీ, లోపటికి పోకు, వెనుకకు మళ్లు అని చెప్పాలె, ఆ ఒక్క మాట చెప్తే చాలు. రింగు పోతనే ఉన్నది. కెల్విన్ బల్ల పట్టుకొని నోట్లనే ఏదో ప్రార్థన చేస్తున్నడు.

అవతల ఎత్తిండ్రు.

"నాగేశ్వరీ, లోపటికి పోకు—"

"నాగేశ్వరి గారు లోపలికి వెళ్లిపోయారండీ," అన్నది ఒక మగ గొంతు, నిదానంగ, మర్యాదగ. "ఫోన్ మా దగ్గరే ఉంది. చెప్పండి గ్లోరియా గారూ, వింటున్నాం."